మైస్‌కు బహువచనం లేదు

మొక్కజొన్నను జర్మన్‌లో ఏమంటారో తెలిసినవాళ్లు చెయ్యెత్తండి అన్నప్పుడు నా చేతిని బల్ల కిందే ఉంచుకొని ఉంటే, ఎర్రకుంట మార్కెట్ యార్డులో నేను ఇవాళ్టికీ తలెత్తుకొని తిరుగుతుండేవాణ్ణి.

అడిగింది మా సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు. అడిగింది వీడియో కాన్ఫరెన్సులో. ఆయన అంతకు ముందు వారమే అధ్యయన యాత్ర ముగించుకొని యూరప్ నుంచి వచ్చారు. అక్కడ జర్మనీలో ఏదో సంతలో ఉడకబెట్టిన కంకులు అమ్మే ఒకావిడ ఆయన్ను ఒక మాట అడిగిందట. ఆ మాట ఈయనకు అర్థం కాలేదట. వెనక వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారట. ఆ అవమానం, తిరుగు ప్రయాణంలో విమానం దిగేలోపు, ఒక విధానంగా మారిపోయింది.

"మన రైతాంగము తరతరములుగా మొక్కజొన్నను పండించుచున్నది," అన్నారాయన. "అయినను దానిని జర్మన్ భాషయందు ఏమందురో ఈ శాఖలో ఒక్కరికైనను తెలియునా? తెలిసినవారు చేయెత్తవలసినది."

తెర మీద చిన్న చిన్న గళ్లలో ఉన్న మార్కెట్ యార్డుల కార్యదర్శులందరూ ఒక్కసారిగా ఫైళ్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు. నా ఫోను ఒళ్లో ఉంది. వెతికాను, దొరికింది, చెయ్యెత్తాను.

"మైస్ సార్."

ఆయన ముఖం వెలిగింది. అక్కడితో ఆగితే సరిపోయేది. నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బుంది. అడిగినదానికి జవాబు చెప్పాక అడగనిదానికి కూడా చెప్తాను.

"డేర్ మైస్ సార్. పుంలింగం. బహువచనం వాడుకలో లేదు."

ఎవరో ఒక కార్యదర్శి, పాపం కొత్తవాడు, "సార్, జర్మనీ మన దగ్గర మొక్కజొన్న కొంటుందా?" అని అడిగాడు. ఆ గడి వెంటనే నల్లబడింది. నెట్ పోయిందన్నారు.

ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. 'తాను అమ్ముచున్న సరుకు పేరును అంతర్జాతీయ భాషలో పలుకజాలని విక్రేత అంతర్జాతీయ విక్రేత కాజాలడు. అంతర్జాతీయ విక్రేత కానివాని సరుకు అంతర్జాతీయ సరుకు కాజాలదు. కావున ఈ సీజను నుండి ప్రయోగాత్మకముగా ఎర్రకుంట యార్డులో, మొక్కజొన్నకు జర్మన్ భాషలో గల పదమును ఉచ్చరించి, వాక్యమునందు ప్రయోగించి చూపిన రైతుల నుండి మాత్రమే కొనుగోలు జరుపవలెను. ఇందుకు నోడల్ అధికారిగా శ్రీ కటకం విఠల్ గారిని నియమించడమైనది.'

కటకం విఠల్ అంటే నేనే.

ఇప్పుడు ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నా పేరు ఉత్తర్వులో రావడం అంతకు ముందు ఒకే ఒక్కసారి జరిగింది. అది సంజాయిషీ అడుగుతూ వచ్చింది. గది బయట బోర్డు మార్పించాను. 'కార్యదర్శి' అన్న అక్షరాల కింద 'నోడల్ అధికారి, జర్మన్' అని రాయించాను. కూర ఎలా ఉందని మా ఆవిడ అడిగితే "గూట్" అన్నాను. గూట్ అంటే జర్మన్‌లో బాగుందని. మా ఆవిడకు మాత్రం మన గూట్లె అన్న తిట్టే వినపడింది. రెండు రోజులు ఇంట్లో నాకు అన్నం ఉంది కానీ కూర లేదు.

మా ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు ఫరీదా బేగం నెమ్మదైన మనిషి. పరీక్ష వాక్యం ఏం పెడదామని నేను గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఆలోచిస్తుంటే ఆమె రసీదు పుస్తకాలు సర్దుకుంటోంది.

"డేర్ మైస్ ఇస్ట్ గూట్. ఎలా ఉంది? మైస్ బాగుంది అని అర్థం. చిన్నది, చక్కనిది," అన్నాను.

"మంచిగుంది సార్. కానీ దేర్ అంటే మా ఇండ్లల్ల ఆలస్యం అంటరు సార్. దేర్ మైస్ అంటే లేటైన మక్కలు అన్నట్టుంటది."

"అది ఉర్దూ. ఇది జర్మన్."

"అవు సార్," అంది ఆమె. ఫరీదా ఎప్పుడూ వాదించదు. తర్వాత జరిగినవి చూసుకుంటే, వాక్యం తాలూకు అసలు అర్థం ఆమె చెప్పిందేనేమో అనిపిస్తుంది.

మా దగ్గర మొక్కజొన్న అనరు, మక్కలంటారు. మొక్కజొన్న అనేది ఫైళ్లలో భాష. వానకాలం పంట కోసి, ఒలిపించి, మక్కలను ట్రాక్టర్లలో తెచ్చి యార్డులో సిమెంటు గచ్చు మీద కుప్పలు పోస్తారు. ఎండకు తేమ తగ్గాక కాంటా పెట్టి సంచులకెత్తుతాం. అప్పటివరకూ కుప్ప పక్కన ఎవరో ఒకరు కూర్చొని కాళ్లతో తిరగేస్తూ ఉండాలి. ఆ సంవత్సరం కుప్పలు మామూలుగానే వచ్చాయి. పరీక్షే కొత్తది.

వేలంపాటలు జరిగే వేదిక మీద ఒక బల్ల వేయించుకొని, మెడలో టై కట్టుకొని కూర్చున్నాను. ఎర్రకుంట యార్డులో టై కట్టిన మొదటి మనిషిని నేనే. మొదట వచ్చిన రైతు నడిపి ముత్తెన్న, నన్ను చూసి బ్యాంకు నుంచి జప్తుకు వచ్చారనుకొని వెనక్కి తిరిగాడు. పిలిపించి కూర్చోబెట్టాను.

"ముత్తెన్నా, నేనన్నట్టు అను. డేర్ మైస్ ఇస్ట్ గూట్."

ముత్తెన్న చాలాసేపు నా ముఖం చూశాడు. "నన్నెందుకు తిడుతున్నవ్ సారూ?"

"తిట్టడం కాదు. నీ మక్కలు మంచిగున్నయని అంటున్నాను."

"మంచిగున్నయంటే కొనుక్కో మరి."

"నువ్వు అనాలి. నువ్వంటే నేను కొంటాను."

"నా మక్కలు మంచిగున్నయని నేనంటే నువ్వు కొంటవా?" ముత్తెన్నకు ఈ పద్ధతి బాగా నచ్చింది. "గిదేదో ముందుగాల్నే పెట్టాల్సింది సారూ. తేమ మిషనెందుకు నడుమ."

ముత్తెన్న రెండు పూటల్లో నేర్చుకున్నాడు. మిగతావాళ్లు కూడా నేర్చుకున్నారు. ఎరువుల సంచుల మీది ఇంగ్లీషు పేర్లు పలికే మనుషులకు నాలుగు మాటలు ఒక లెక్క కాదు. యార్డంతా డేర్ మైస్ ఇస్ట్ గూట్ అని గొణుక్కుంటూ తిరిగేవాళ్లు. టీ కొట్టు దగ్గర ఒకడు ఎదురుపడితే ఇంకొకడు రాంరాం అనడం మానేసి గూట్ అనేవాడు. గేటు దగ్గర లారీ డ్రైవర్లు కూడా అన్నారు. నాకు ఛాతీ ఉబ్బింది. ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెడుతూ ఒక్కొక్కరి ఉచ్చారణను సరిదిద్దాను. 'గూట్' అనడంలో దీర్ఘం తక్కువైందని ఒక ముసలాయనను మర్నాడు రమ్మన్నాను. నాకు ఆ భాషలో వచ్చింది ఆ ఒక్క వాక్యమే అన్న సంగతి అప్పటికి నేనే మరిచిపోయాను.

గంగామణి దగ్గర చిక్కొచ్చింది.

గంగామణి యాభై దాటిన మనిషి. మొగుడు మస్కట్‌లో ఉంటాడు, సేద్యం ఈమెదే. మూడెకరాల మక్కలు తెచ్చి యార్డు పడమటి మూలన, వరద కాలువ పక్కన పోసుకుంది. అక్కడ తప్ప చోటు దొరకలేదు. పరీక్షకు పిలిస్తే కొంగు నిండుగా కప్పుకొని, చెప్పులు కిందనే విడిచి వేదిక ఎక్కింది.

"డేర్ మైస్ ఇస్ట్ గూట్. అను గంగామణీ."

"దేరు మైసమ్మ ఇష్టు గూటు," అంది భక్తిగా.

"మైసమ్మ కాదమ్మా. మైస్."

"అదే సారూ. మైసమ్మ."

"అమ్మ వద్దు. మైస్ అని ఆపెయ్."

గంగామణి కళ్లు పెద్దవి చేసింది. "తల్లి పేరు నడుమకు తుంచుతరా ఎవలన్న? మా చెరువు కట్ట మీద ఉన్నది మైసమ్మ. పంట కోసేటి ముందుగాల కోడిని కోసి మొక్కినం. గిప్పుడు మైస మైస అని పిలుస్తే ఊకుంటదా?"

"ఇది ఆ తల్లి కాదు. ఇది జర్మన్ మాట. ఇందులో అమ్మ లేదు. నిజానికి ఇది పుంలింగం. మగది."

ఆ మాట అనకుండా ఉండవలసింది. చుట్టూ ఉన్నవాళ్లు గొణగడం ఆపేశారు.

"మైసమ్మ మొగదెట్లైతది సారూ?" అంది గంగామణి చాలా శాంతంగా. పిచ్చివాళ్లతో మాట్లాడేటప్పుడు మనుషులు అలాగే శాంతంగా ఉంటారు.

మూడు రోజులు వరసగా పిలిచాను. మూడు రోజులూ ఆమె వాక్యమంతా చెప్పి, ఆ మాట దగ్గరకు వచ్చేసరికి రెండు చేతులూ జోడించి మైసమ్మ అనేది. ఫరీదా నా చెవి దగ్గర, "పాస్ చేసెయ్యండి సార్, మబ్బు పడుతున్నది," అంది. నేను ఒప్పుకోలేదు. పదానికి ప్రత్యయం తగిలిస్తే పదం మారిపోతుందన్నాను. ఒక్క సంజాయిషీ తప్ప ఏమీ రాయని నేను, ఆ రోజు పదం పవిత్రత గురించి ఫైలులో ఒక పేజీ రాశాను. 'అభ్యర్థినికి విషయ పరిజ్ఞానమున్నది, లింగ పరిజ్ఞానము లేదు' అని దాన్ని ముగించాను. ఆ వాక్యానికి చాలాసేపు మురిసిపోయాను కూడా.

ఇంతలో నేను వీడియో కాన్ఫరెన్సులో అడగకుండా చెప్పిన రెండో ముక్క పండింది. పరాంకుశం గారి నుంచి మెమో వచ్చింది.

'మైస్ అను పదమునకు బహువచనము వాడుకలో లేదని నోడల్ అధికారి నివేదించియున్నారు. అయినను ఎర్రకుంట యార్డులో ఒకే తక్‌పట్టీయందు అనేక సంచుల మైస్‌ను నమోదు చేయుచున్నట్లు గమనించడమైనది. ఏకవచన సరుకును బహువచనములో నమోదు చేయుట భాషాపరముగా అక్రమము. ఇకపై ఒక తక్‌పట్టీకి ఒక సంచి మాత్రమే.'

తక్‌పట్టీ అంటే రైతుకు మేమిచ్చే తూకం రసీదు. రైతుకొకటి ఇస్తాం. ఇప్పుడు సంచికొకటి అయింది. ఫరీదా రాస్తూనే ఉంది. రసీదు పుస్తకాలు అయిపోయాయి. పక్క యార్డు నుంచి తెప్పించాం, అవీ అయిపోయాయి. హమాలీలు ఒక్క సంచి ఎత్తి, రసీదు కోసం దాని మీదే కూర్చొని బీడీ ముట్టించేవాళ్లు. పొద్దున కాంటా పెట్టిన కుప్ప సాయంత్రానికి సగం కూడా తరగడం లేదు. వెనక ట్రాక్టర్లు రోడ్డు మీదికి పోయి నిలబడ్డాయి.

పరాంకుశం గారికి ఫోను చేశాను. "సార్, మన భాషలో మక్కలు అనేదే బహువచనం సార్. ఒక్క మక్క అని ఎవరూ అనరు."

"అదియే మన వెనుకబాటుకు మూలము విఠల్ గారూ," అన్నారాయన. "మనము గుంపుగా ఆలోచించుచున్నాము. వారు గింజ గింజగా ఆలోచించుచున్నారు."

నాకు ఆ క్షణంలో అది చాలా లోతైన మాటగా తోచింది. బల్ల మీద రాసి పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి పడమట నల్లగా లేచింది. ముందు గాలి వచ్చింది. గచ్చు మీద మక్కల పొట్టంతా లేచి కళ్లలో కొట్టింది. యార్డులో ఉన్నవి రెండు పెద్ద షెడ్లు. ఉత్తర్వు ప్రకారం ధ్రువీకరించిన సరుకు మాత్రమే షెడ్డులో పెట్టాలి. ముత్తెన్న వాళ్లంతా చెక్కపారలతో కుప్పలను షెడ్డులోకి తోసుకుంటున్నారు. ధ్రువీకరణ లేని కుప్ప ఒక్కటే మిగిలింది, కాలువ పక్కన.

నేను ఆఫీసు వరండాలో నిలబడి చూస్తున్నాను. గంగామణి ఒక్కతే తాడ్‌పత్రిని కుప్ప మీదికి లాగుతోంది. ఒక కొస మీద రాయి పెడితే రెండో కొస లేస్తోంది. రెండో కొస పట్టుకుంటే మొదటిది రాయితో సహా ఎగురుతోంది. మొదటి చినుకులు పడ్డాయి. పెద్దవి. తేమ పధ్నాలుగు శాతం దాటితే ఆ మక్కలను నేను కాదు, ఎవరూ కొనరు. రెండు రోజులు తడిగా ఉంటే మొలకలొస్తాయి, ఆ తర్వాత బూజు.

నా జేబులో ఖాళీ ధ్రువీకరణ పత్రం ఒకటి ఉంది. పరుగెత్తాను. సహాయం చేద్దామని పరుగెత్తానని చెప్పుకోవాలని ఉంది. కానీ నేను దారి పొడుగునా అరిచింది వేరే.

"గంగామణీ, ఒక్కసారి మైస్ అను. షెడ్డులోకి తోయిస్తాను."

"గా కొస వట్టు సారూ."

"ముందు మైస్ అను."

"కొస వట్టు అంటున్నగదా."

పట్టాను. గాలికి తాడ్‌పత్రి నన్ను కూడా రెండడుగులు ఎత్తి దించింది. టై వెనక్కి ఎగిరి మెడకు చుట్టుకుంది. వాన పూర్తిగా దిగింది. కాలువలో నీళ్లు కుప్ప అంచును ముట్టుకొని, ముందు వరస మక్కలను పసుపుపచ్చగా తేల్చుకుపోవడం మొదలుపెట్టాయి. ఆమె కుప్ప మీదికి బోర్లా పడి, రెండు చేతులూ చాపి, తన ఒంటితోనే తాడ్‌పత్రిని అదిమింది.

"మైస్ అను తల్లీ," అన్నాను. అప్పటికి నా గొంతులో అధికారం ఏమీ లేదు. బతిమాలుకుంటున్నాను.

గంగామణి నా వైపు చూడలేదు. ఆకాశం వైపు తలెత్తి, "మైసమ్మ తల్లీ, గింతకాడికి ఆపే," అంది.

వాన ఆగలేదు. కానీ నాకు వినపడింది. ఆ మాటలో మైస్ ఉంది. దాని వెనక ఏమీ రాకూడదని ఉత్తర్వులో ఎక్కడా లేదు. పదమును ఉచ్చరించి, వాక్యమునందు ప్రయోగించి చూపవలెనని మాత్రమే ఉంది. ఉచ్చరించింది. ప్రయోగించింది. ఆ వేదిక మీద టై కట్టుకొని నేను విన్న ప్రయోగాలన్నిటిలోనూ ఆ మాటతో నిజంగా పని ఉండి వాడిన మనిషి ఆమె ఒక్కతే అని కూడా అనిపించింది. తాడ్‌పత్రి కొసను మోకాలి కింద తొక్కిపెట్టి, తడిసిపోతున్న పత్రం మీద 'ఉత్తీర్ణురాలు' అని రాసి, షెడ్డు వైపు కేకేశాను.

ముత్తెన్న, హమాలీలు పరుగెత్తుకొచ్చారు. కాలువలో పోయింది పోగా మిగతాదంతా షెడ్డులోకి చేరింది. సగం సంచులు ఆ పూటే నిండాయి. రసీదులన్నీ తర్వాత రాసుకుందామన్నాను. తర్వాత రాసుకుందామన్న మాట నా నోట రావడం ఆ సీజనులో అదే మొదలు. ఫరీదా తల వంచుకొని నవ్వింది. వారం తిరిగేసరికి యార్డు ఖాళీ అయింది. మక్కలు కోళ్ల దాణా మిల్లుకు వెళ్లాయి. రైతుల ఖాతాల్లో డబ్బు పడింది. పథకం విజయవంతమైందని పత్రికలో నా ఫొటో కూడా వచ్చింది, టైతో.

అక్కడితో ముగియవలసింది. కానీ విజయవంతమైన పథకాన్ని శాఖ ఊరికే వదలదు. రాష్ట్రమంతా అమలు చేసే ముందు నోడల్ అధికారి అర్హతను నిర్ధారించాలని ఎవరో నోట్ పెట్టారు. హైదరాబాదులో ఒక భాషా సంస్థలో పాఠాలు చెప్పే అమ్మాయి చేత నాకు ఆన్‌లైన్‌లో మౌఖిక పరీక్ష ఏర్పాటు చేశారు. పరాంకుశం గారు కూడా ఒక గడిలో కూర్చున్నారు.

ఆ అమ్మాయి నవ్వుతూ, "వీ హైసన్ జీ?" అంది.

ఏదో గౌరవంగా అడిగిందని మాత్రం అర్థమైంది. చివర జీ ఉంది కదా. "డేర్ మైస్ ఇస్ట్ గూట్," అన్నాను.

ఆమె తల ఊపి ఇంకొకటి అడిగింది. "వోహేర్ కొమ్మన్ జీ?"

కొమ్మ గురించి అనుకున్నాను. మొక్కజొన్నకు కొమ్మలుండవు. అయినా అధైర్యపడలేదు. "డేర్ మైస్ ఇస్ట్ గూట్."

మూడో ప్రశ్న ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. జవాబు గుర్తుంది.

ఆ అమ్మాయి మైకు కట్టేసి పరాంకుశం గారికి ఏదో రాసింది. ఆమె మొదట అడిగింది నా పేరనీ, రెండోది ఊరనీ తర్వాత ఫరీదా ఫోనులో వెతికి చెప్పింది. ఫలితం నాలుగు రోజుల్లో వచ్చింది. 'అభ్యర్థికి ఒక వాక్యము వచ్చును. అభ్యర్థి అనర్హుడు.'

దాని వెనకే మెమో. 'అనర్హుడైన అధికారి జారీ చేసిన ధ్రువీకరణలు చెల్లవు. చెల్లని ధ్రువీకరణలపై జరిగిన కొనుగోళ్లు జరగనట్లుగా భావించవలెను. రైతుల నుండి సొమ్మును రాబట్టుకొని, సరుకును యథాస్థితిలో వారికి తిరిగి అప్పగించవలెను.'

మెమో పట్టుకొని దాణా మిల్లుకు వెళ్లాను. మేనేజరు మర్యాదస్తుడు. టీ తెప్పించాడు.

"మీ మక్కలు పిండి పట్టి పంపేసినం సార్. కోళ్లు తిన్నయి."

"అన్నీనా?"

"కోళ్లు దాచుకోవు సార్."

తిరిగొచ్చి నివేదిక రాశాను. 'సరుకు ప్రస్తుతము కోళ్ల రూపములో ఉన్నది.' ఇది చిరాకుతో రాసిందో, నిజాయితీతో రాసిందో నాకే తెలియదు. పై నుంచి జవాబు మాత్రం గంభీరంగా వచ్చింది. 'సదరు కోళ్ల సంఖ్యను, వాటి ద్వారా ఉత్పన్నమైన గుడ్ల వివరములను ప్రత్యేకముగా తెలియజేయవలెను. మైస్‌కు బహువచనము లేకున్నను కోళ్లకు కలదని గమనించవలెను.'

ఈ లోపల సంగతి ఊళ్లకు పాకింది. నేను భయపడింది రైతులు గొడవ చేస్తారని. వాళ్లు గొడవ చేయలేదు. ట్రాక్టర్లు కట్టుకొని వచ్చారు. యార్డు ఖాళీ అయిన తర్వాత బయట మక్కల ధర బాగా పెరిగింది. తీసుకున్న డబ్బు తిరిగి కట్టి, సరుకు తీసుకొని, పెరిగిన ధరకు అమ్ముకోవడం కంటే మంచి బేరం ఉండదు. సర్కారు తనంతట తాను కాగితం మీద రాసి ఇచ్చిన బేరం. గేటు బయట నుంచి బస్టాండు దాకా బండ్లు నిలబడ్డాయి. అందరి ముఖాల్లో పండుగ కళ. ముత్తెన్న నాకోసం మిఠాయి డబ్బా కూడా తెచ్చాడు.

గంగామణి ట్రాలీ ఆటో మాట్లాడుకొని, ఖాళీ గోనె సంచులు మడత పెట్టుకొని అందరికంటే ముందు వరసలో నిలబడింది.

"నా మక్కలు వాపసిస్తరంట గదా సారూ. ఏడున్నయ్?"

"చూస్తున్నామమ్మా."

"చూసుడేంది? షెడ్ల లేవు. ఇప్పుడే చూసొచ్చిన."

నేను తలుపేసుకొని పరాంకుశం గారికి ఫోను చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సరుకు లేదు. రైతులు డబ్బు పట్టుకొని వచ్చారు. పుచ్చుకుంటే సరుకివ్వాలి. సరుకు ఇవ్వాలంటే పెరిగిన ధరకు శాఖే బజారులో కొనాలి. ఇవ్వకపోతే, జరగని కొనుగోలుకు సరుకు ఎలా వాడుకున్నారని కోర్టు అడుగుతుంది. ఆయన మొదటిసారి మామూలు తెలుగులో, "అయితే ఇప్పుడేం చేద్దామంటావు విఠల్?" అన్నారు.

ఆయన నన్ను ఏమైనా అడగకుండా ఉంటే బాగుండును. నాకున్న జబ్బు సంగతి చెప్పాను కదా.

"నేను పాసైతే అన్నీ చెల్లుతాయి సార్," అన్నాను.

రెండు గంటల్లో మెమో మెయిల్లో వచ్చింది. బయటికి వచ్చి, వరండా మెట్ల మీద నిలబడి పైకి చదివాను. 'విస్తృత ప్రజా ప్రయోజనముల దృష్ట్యా నిబంధనలు సడలించి, శ్రీ కటకం విఠల్ గారికి పథకము ప్రారంభమైన నాటి నుండియే జర్మన్ భాష వచ్చినట్లుగా భావించవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఆయన జారీ చేసిన ధ్రువీకరణలన్నియు చెల్లును. కొనుగోళ్లు యథాతథము.'

రైతులకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఫరీదా వాళ్ల మాటల్లో మళ్లీ చెప్పింది. మక్కలు వాపసు రావు, అమ్మినట్టే లెక్క, పైసలు ఎవరూ కట్టనక్కర లేదు. వెనక వరసల్లో ట్రాక్టర్లు ఒక్కొక్కటిగా స్టార్టయ్యాయి. ముత్తెన్న మిఠాయి డబ్బా చంకన పెట్టుకొని, నాకివ్వకుండానే వెళ్లిపోయాడు. నేను ఆయన్ను తప్పు పట్టను.

గంగామణి మాత్రం అక్కడే నిలబడింది. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఖాళీగా పోయినా ఆమె కిరాయి ఇచ్చుకోవలసిందే.

"అంటే ఏంది సారూ? నీకు గా భాష వచ్చిందా ఇప్పుడు?"

"వచ్చిందని సర్కారు అనుకుంటున్నదమ్మా."

"సర్కారు ముచ్చట ఇడిసిపెట్టు. నువ్వేమనుకుంటున్నవ్?"

ఆ ప్రశ్న ఈ మొత్తం వ్యవహారంలో నన్నెవరూ అడగలేదు. కాసేపు నిజంగానే ఆలోచించాను. చేతిలో మెమో ఉంది. కింద సంతకం, తేదీ, అన్నీ సక్రమంగా ఉన్నాయి.

"నేను ఉద్యోగస్థుణ్ణి గంగామణీ," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. కోపంగా చూస్తుందనుకున్నాను. జబ్బుపడ్డ మనిషిని చూసినట్టు చూసింది.

"ఇంకెన్నేండ్లున్నది సారూ నీకు రిటైరుకు?"

"నాలుగు."

"ఎట్లనో ఓపిక వట్టు," అని, ఖాళీ సంచుల మీద చేత్తో ఒకసారి తట్టి, ఆటో ఎక్కింది.